పద్దెనిమిది ఏ వారం?

మధ్యాహ్నం మూడున్నరకు కరెంటు వచ్చింది. నందికొట్కూరు బజారులో ఆగిపోయిన ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరగసాగాయి. జిరాక్స్ అంగడి మేడ మీదున్న నెట్ సెంటర్లో మూడు కంప్యూటర్లూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి.

ఆ రోజు రెండో శనివారం. బడి లేదు. ఏడో తరగతి చదివే శ్రీవాసవి అప్పటికే మూడో కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని సిద్ధంగా కూర్చుంది.

"అరగంటే ఇస్తా వాసవీ," అంది నెట్ సెంటర్ నడిపే పద్మప్రియ. "బయట ఇంకా నలుగురు కాచుకోని ఉండారు."

"నాకు అరగంట చాలక్కా," అంది వాసవి.

నిజంగానే చాలు. నల్లమల అడవి గురించి బడిలో ప్రాజెక్టు రాయాలి. వాసవి టకటకా కీలు నొక్కింది. మొదట ఏ పేజీ వస్తే అది తెరిచింది. రెండు బొమ్మలు, నాలుగు పేరాలు ప్రింటు తీసుకుంది. ఇరవై ఐదు నిమిషాల్లో పని అయిపోయింది.

క్లాసులో అందరికన్నా త్వరగా వెతికేది తానేనని వాసవికి కాస్త గర్వం. ఎవరు ఏమి అడిగినా "అదెంతసేపు, నెట్లో చూసి చెప్తా" అనేది. తెలీదు అనే మాట ఆ పిల్ల నోట ఎవరూ వినలేదు.

ఇంకా ఐదు నిమిషాలున్నాయి. అప్పుడు మద్దమ్మవ్వ అడిగిన పని గుర్తొచ్చింది.

మద్దమ్మవ్వ వాసవి వాళ్ళ ఇంటి వెనక సందులో ఉంటుంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుడుతుంది. ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు ఆ సందులో లేదు. కానీ రెండేళ్ళుగా అవ్వ కళ్ళకు శుక్లాలు కమ్ముకున్నాయి. ముందు ఎడమ కన్ను, ఆ తర్వాత కుడి కన్ను. ఇప్పుడు ఎదురుగా నిలబడిన మనిషి ఎవరో గొంతు వింటేగానీ పోల్చుకోలేదు. ఉచితంగా ఆపరేషన్ చేసే క్యాంపులు పెడతారట, ఎక్కడో ఎప్పుడో కనుక్కొమ్మని వాసవిని అడిగింది.

వాసవి ఇంగ్లీషులో "ఐ క్యాంప్ కర్నూల్" అని కొట్టింది. బోలెడన్ని వరుసలు వచ్చాయి. మొదటి వరుస మీద నొక్కింది. పేజీ మెల్లగా తెరుచుకుంది. పైన పెద్ద నీలం అక్షరాలు కనిపించాయి.

ఉచిత కంటి శిబిరం. ఫిబ్రవరి 18, ఆదివారం, ఉదయం పది గంటలకు. కల్లూరులో నీళ్ళ ట్యాంకు పక్కనున్న హైస్కూలు. శుక్లాల ఆపరేషన్లు చేస్తారు. ఆపరేషన్ అవసరమైనవాళ్ళు రెండు రోజులు ఉండాలి, బట్టలు తెచ్చుకోవాలి.

కల్లూరంటే కర్నూలుకు ఆనుకునే ఉంది. బస్సు దిగి షేర్ ఆటో ఎక్కితే చాలు. ఈ రోజు తొమ్మిదో తేదీ. ఇంకా తొమ్మిది రోజులుంది. వాసవి సంతోషంగా నోటు పుస్తకంలో అంతా రాసుకుంది.

"పేజీ కిందికంటా చూసినావా?" వెనక నుంచి అడిగింది పద్మప్రియ.

"చూసినాలే అక్కా," అంటూనే వాసవి పేజీ మూసేసింది. దాన్ని ఒక్కసారి కూడా కిందికి జరపలేదు.

*

వాసవి వాళ్ళ నాన్న శివప్రసాద్‌ది బజారులో కిరాణా అంగడి. వాసవి చెప్పింది విని ఆయన గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు.

"పద్దెనిమిది ఆదివారం యాడుందమ్మా? సోమవారం గదా."

వాసవి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి చూసింది. నిజమే. పద్దెనిమిది కింద సోమవారం అని ఉంది. ఒక్క క్షణం తికమకపడింది.

"వాళ్ళు వారం తప్పు కొట్టింటారు నాన్నా," అంది. "తేదీ మాత్రం పద్దెనిమిదే. నేను బాగా చూసినా."

"ఫోన్ నంబరు ఏమన్నా ఉండిందా? ఒకమాట అడుగుదాం."

"నంబరు లేదు."

శివప్రసాద్ ఇంకేదో అనబోయాడు. ఇంతలో ఎవరో కందిపప్పుకు వచ్చారు. ఆయన తక్కెడ వైపు తిరిగాడు.

ఆ సాయంత్రమే వాసవి మద్దమ్మవ్వకు కబురు చెప్పింది. అవ్వ వాసవి చేతులు రెండూ తడుముకుని పట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ. ఇంతమందిని అడిగితే ఎవురూ చెప్పల్యా. నువ్వు ఒక్క దినంలో పట్టుకొస్తివి."

అవ్వ కూతురు జీవమ్మ మిరపకాయలు కోసే పనికి వెళ్తుంది. సోమవారం రానని మేస్త్రీకి చెప్పింది. అవ్వ ఒక సంచిలో రెండు చీరలు, ఒక పళ్ళెం, లోటా సర్దుకుంది. తడుముకుంటూ కుడుతున్న బొంత పనిని ఆపి, వచ్చే నెల కుట్టి ఇస్తానని ఆ చీరలిచ్చినవాళ్ళకు కబురు పంపింది. బోర్డులు చదవడానికి తోడుగా వాసవి వెళ్తానంది. నాన్న బడికి చీటీ రాసిచ్చాడు.

*

సోమవారం పొద్దున ఏడు గంటల బస్సుకే ముగ్గురూ బయల్దేరారు. అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా వాసవి అవ్వకు చెబుతూనే ఉంది. ఇక్కడ శనగ కోసేశారు. ఇక్కడ ఎవరిదో కొత్త ఇల్లు లేస్తోంది. ఇక్కడ గొర్రెలు అడ్డమొచ్చినందుకే బస్సు ఆగింది.

"వచ్చేటప్పుడు నేనే చూసుకుంటాలే," అంది అవ్వ నవ్వుతూ.

కర్నూలు బస్టాండులో షేర్ ఆటో ఎక్కి కల్లూరులో నీళ్ళ ట్యాంకు దగ్గర దిగారు. హైస్కూలు పక్కనే ఉంది. ప్రహరీ లోపలి నుంచి పిల్లలు ఎక్కాలు చదువుతున్న శబ్దం వినిపించింది.

వాసవి గేటు దగ్గరే ఆగింది. క్యాంపు ఉన్న రోజు బడి ఎలా జరుగుతుంది?

"మీరు ఈడ నీడలో కూర్చోండి. నేను పోయి అడిగొస్తా," అని జీవమ్మకు చెప్పి లోపలికి వెళ్ళింది.

వరండాలో అటెండరు నారాయణ గంట పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"కంటి క్యాంపా?" అన్నాడాయన. "ఈడ ఏ క్యాంపూ లేదే పాపా."

"ఫిబ్రవరి పద్దెనిమిది అని నెట్లో ఉండాది సార్."

నారాయణ కాసేపు ఆలోచించాడు. "ఓ, అదా. అది పోయినేడు గదా. పోయినేడు పద్దెనిమిది ఆదివారం వచ్చింది. శానామంది వచ్చినారు. ఈ రూముల్లోనే కండ్లు పరీక్ష చేసినారు. నువ్వు పాతది చూసినట్టుండావు."

పోయినేడు. అందుకే ఆదివారం అని ఉంది. వాళ్ళు తప్పు కొట్టలేదు.

గేటు వైపు తిరిగి చూసింది. అవ్వ సంచిని ఒళ్ళో పెట్టుకుని, నెత్తిన కొంగు సర్దుకుని, డాక్టరు పిలుస్తాడేమో అన్నట్టు నిటారుగా కూర్చుని ఉంది.

వాసవి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఆ పది అడుగుల్లో చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది.

"ఏమన్నారు పాపా?" జీవమ్మ లేచి నిలబడింది.

"క్యాంపు... క్యాన్సిల్ చేసినారంట," అంది వాసవి.

*

తిరుగు బస్సులో జీవమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అవ్వ మాత్రం ఆపకుండా మాట్లాడింది.

"పేదోళ్ళంటే అంత అలుసు. రమ్మంటారు, వస్తే లేదంటారు. వాళ్ళ ఇండ్లల్లో ముసలోళ్ళు లేరా? వాళ్ళకు కండ్లు పోతే తెలుస్తాది. ఎంత దూరం నుంచి వచ్చినాం, ఒక మాట చెప్పి పంపగూడదా?"

వాసవి ఎదుటి సీటు వెనక గీతలు లెక్కపెడుతూ కూర్చుంది. ఆ క్యాంపు పెట్టినవాళ్ళు పోయినేడాది ఎంతమందికి చూపు తెప్పించారో. ఏ తప్పూ చేయకుండానే ఈరోజు తిట్లు తింటున్నారు.

బస్సు దిగేటప్పుడు అవ్వ వాసవి తల నిమిరింది. "నీ తప్పేముందిలే. నువ్వు చిన్నపిల్లవు, మా కోసం బడి ఇడ్సిపెట్టి వస్తివి." తర్వాత జీవమ్మతో గట్టిగా అంది. "ఇంక నన్ను ఏ క్యాంపుకూ పిలవద్దు. నా కండ్లు ఇట్లనే ఉండనీ. ఒకరి గేటు ముందర కూర్చునేది నాకొద్దు."

ఆ రాత్రి వాసవికి, అవ్వ తననే తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

*

మంగళవారం బడి వదలగానే వాసవి నేరుగా నెట్ సెంటర్‌కు వెళ్ళింది. లోపల ఎవరూ లేరు. పద్మప్రియ కీబోర్డు మీది దుమ్ము గుడ్డతో తుడుస్తోంది.

"అక్కా, ఆ దినం చూసిన పేజీ మళ్ళా చూడాల."

"ఏ పేజీ? కండ్ల క్యాంపుదా? అవ్వకు చూపించినారా?"

వాసవి తల వంచుకుంది. జరిగిందంతా చెప్పింది. క్యాన్సిల్ అయిందని చెప్పిన అబద్ధం కూడా దాచలేదు.

పద్మప్రియ గుడ్డ పక్కన పెట్టింది. ఇంకో కుర్చీ లాక్కుని వాసవి పక్కన కూర్చుంది.

"సరే. కొట్టు. ఆ దినం ఏమి కొట్టినావో అదే కొట్టు."

వాసవి కొట్టింది. అవే వరుసలు వచ్చాయి. చేయి మొదటి వరుస మీదికి పోయింది.

"ఆగు," అంది పద్మప్రియ. "నొక్కేదానికి ముందు ఒక్కో వరుస కింద ఏముందో చదువు. ఎవురు పెట్టినారు అనేది ఆడనే తెలుస్తాది."

వాసవి చదివింది. ఒకటి కళ్ళద్దాల అంగడి ప్రకటన. ఒకటి ఎప్పటిదో పేపరు వార్త. మొదటిది మాత్రం కనుపాప సేవా సంఘం అనే సంస్థది. క్యాంపు పెట్టింది వాళ్ళే.

"ఇప్పుడు దాని మీద రైట్ క్లిక్ చేసి కొత్త ట్యాబులో తెరువు. ఈ వరుసలు ఈడనే ఉంటాయి. మళ్ళా మళ్ళా వెనక్కి రావాల్సిన పని లేదు."

పేజీ తెరుచుకుంది. అవే నీలం అక్షరాలు.

"కిందికి పో. ఇంకా. ఇంకా కిందికి."

వాసవి మౌస్ చక్రం తిప్పింది. డాక్టర్ల ఫొటోలు దాటాయి. దారి చూపే బొమ్మ దాటింది. అన్నిటికన్నా కింద సన్నటి అక్షరాలు రెండు వరుసలు ఉన్నాయి. ఒక దాంట్లో ఈ పేజీ రాసింది 2007 జనవరిలో అని ఉంది. ఇంకో దాంట్లో ఫోన్ నంబరు ఉంది.

నాన్న నంబరు అడిగాడు. లేదని చెప్పింది. ఇదిగో, ఇక్కడే ఉంది. వాసవి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నెట్లో పెట్టినేవి పాతబడినా యాడికీ పోవు పాపా," అంది పద్మప్రియ మెల్లగా. "పేపరైతే పసుపు పచ్చగా అవుతాది, చూస్తానే పాతదని తెలుస్తాది. ఇది పదేండ్లయినా నిన్న రాసినట్టే కనపడతాది. నేను గూడా ఒకతూరి ఇట్లనే పాత నోటిఫికేషన్ చూసి పరీక్షకు ఫీజు కట్టబోయినా. బ్యాంకాయన నవ్వినాడు."

వాసవి ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు కొత్తది ఎట్లా దొరుకుతాది?"

"పైన అడ్రసు చూడు. శానా పొడుగుండాది గదా. సంఘం పేరు దాకా ఉంచి, తర్వాత ఉండేదంతా చెరిపేయ్. ఎంటర్ కొట్టు."

వాసవి అలాగే చేసింది. అడ్రసు తోక పోగానే సంఘం వాళ్ళ మొదటి పేజీ వచ్చింది. అది ఇంటి తలుపు లాంటిది. అక్కడి నుంచి ఏ గదికైనా వెళ్ళొచ్చు. ఒక పక్కన "ఈ ఏడాది శిబిరాలు" అని ఉంది. నొక్కితే పొడుగాటి జాబితా తెరుచుకుంది. అనంతపురం, కడప, చిత్తూరు. వందకు పైగా ఊళ్ళు.

వాసవి ఒక్కొక్కటీ వేలితో చూడబోయింది.

"కంట్రోల్ పట్టుకోని ఎఫ్ నొక్కు," అంది పద్మప్రియ. "ఒక చిన్న డబ్బా వస్తాది. దాంట్లో కల్లూరు అని కొట్టు."

కంప్యూటర్ నేరుగా ఆ వరుస దగ్గరికి దూకి ఆగింది. కల్లూరు, మార్చి 9, ఆదివారం, ఉదయం పది గంటలు.

వాసవి వెంటనే రాసుకోలేదు. ముందు పేజీ కిందికంటా వెళ్ళింది. 2008 ఫిబ్రవరి అని ఉంది. తర్వాత గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఫిబ్రవరి కాగితం పైకెత్తి మార్చి చూసింది. తొమ్మిది కింద ఆదివారం.

"రెండూ సరిపోయినాయి అక్కా."

"అయితే ఇంక ఒకే పని మిగిలింది," అని పద్మప్రియ ఫోన్ నంబరు చూపించింది.

*

కిరాణా అంగడిలో ఫోన్ ఉంది. వాసవి నాన్నకు కూడా జరిగిందంతా చెప్పింది. చెప్పేటప్పుడు ఆయన ముఖం వైపు చూడలేకపోయింది.

శివప్రసాద్ ఫోన్ ఆమె దగ్గరికి జరిపాడు. "అడుగు. అవ్వకు గూడా నువ్వే చెప్పాల. నేను చెప్తే బాగుండదు."

ఫోన్ ఎత్తింది ఆనందం అనే పెద్దాయన. సంఘంలో పేర్లు రాసుకునే పని ఆయనది.

"అవునమ్మా, మార్చి తొమ్మిది," అన్నాడు. "పది గంటలని ఉందా? డాక్టర్లు వచ్చేది పదికి. చీటీలు ఎనిమిదికే ఇస్తాం. లేటైతే మళ్ళీ నెల దాకా ఆగాల. రేషన్ కార్డు జిరాక్సు తెచ్చుకోండి."

ఇవేవీ నెట్లో లేవు. వాసవి గబగబా రాసుకుంది. ఫోన్ పెట్టేసే ముందు కాస్త తటపటాయించింది.

"సార్, మీది పోయినేటి పేజీ ఇంకా నెట్లో ఉండాది. అది చూసి నేను... మేము నిన్న వచ్చి తిరిగి పోయినాం."

"అయ్యో. మాకెవరూ చెప్పనే లేదమ్మా. తీసేయమని ఈరోజే చెప్తాను. నువ్వు చెప్పడం మంచిదైంది."

అంత సులభంగా ముగుస్తుందని వాసవి అనుకోలేదు. కానీ అసలు కష్టమైన మాట ఇంకా మిగిలే ఉంది.

*

మద్దమ్మవ్వ గడపలో కూర్చుని, కుట్టిన బొంత అంచును వేళ్ళతో తడుముతూ ఉంది. జీవమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

వాసవి లోపలికి రాకుండా మెట్టు కిందే నిలబడింది.

"అవ్వా, క్యాంపు క్యాన్సిల్ కాలేదు," అంది. "అది పోయినేటి క్యాంపు. నేనే పాతది చూసినా. పేజీ కిందికి చూడలేదు. నాన్న వారం తప్పుంది అన్నా గూడా నేను ఇనలేదు. ఆడ అటెండరు నిజమే చెప్పినాడు. నేనే మీకు అబద్ధం చెప్పినా."

జీవమ్మ చేట పక్కకు పెట్టింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నేను పని ఇడ్సిపెట్టి వస్తి. మాయమ్మ అంత దూరం బస్సులో ఊగుకుంటా వచ్చె. ఆడనే చెప్పింటే ఏమైతాండె నీకు?"

"తప్పయిపాయ జీవమ్మక్కా," అంది వాసవి మెల్లగా.

బొంత అంచు మీద అవ్వ వేళ్ళు ఆగిపోయాయి.

"అట్లయితే నేను వాళ్ళను ఊరికే తిట్టినానా?" అంది అవ్వ.

"అవును అవ్వా."

"బస్సులో అందరూ వింటా ఉన్నారు. శానా తిట్టినా." అవ్వ తల అడ్డంగా ఊపింది. "తప్పుదోవ చెప్తే తిరిగి రావచ్చు పాపా. ఆ మాటలు ఎట్ల ఎనక్కి తీసుకోవాల?"

వాసవికి ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నోటు పుస్తకం తెరిచింది.

"మార్చి తొమ్మిది ఆదివారం మళ్ళా ఉండాది. ఇది ఈ ఏటిదే. నేను ఫోన్ చేసి అడిగినా. నా మాట మీద రావద్దు అవ్వా. నాన్న అంగడిలో ఫోన్ ఉండాది. నువ్వే ఆ సార్‌తో మాట్లాడు. నీకు నిజమనిపిస్తేనే పోదాం."

అవ్వ కాసేపు ఆలోచించింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

"ఎట్లాగూ ఆయప్పతో ఒక మాట చెప్పుకోవాల గదా. పద."

అంగడిలో అవ్వ ఫోన్ రెండు చేతులతో చెవికి ఆనించుకుంది. తేదీ అడిగింది. టైము అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "నిన్న తెలీక మిమ్మల్ని ఏమేమో అంటినప్పా. మనసులో పెట్టుకోవద్దు." అవతల ఆనందం ఏమన్నాడో వాసవికి వినపడలేదు. అవ్వ మాత్రం చిన్నగా నవ్వింది.

*

మార్చి తొమ్మిదిన తెల్లవారకముందే మొదటి బస్సుకు బయల్దేరారు. ఎనిమిదికి పది నిమిషాలు ఉండగానే కల్లూరు బడి గేటు దగ్గర ఉన్నారు. అవ్వకు పదమూడో చీటీ వచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళ వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.

డాక్టరమ్మ అవ్వ కళ్ళను చిన్న లైటుతో చూసింది. ముందు కుడి కంటికి చేద్దామంది. ఆ మధ్యాహ్నమే వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. జీవమ్మ అవ్వతో పాటు ఉండిపోయింది.

మంగళవారం సాయంత్రం వాసవి బడి నుంచి వచ్చేసరికి అవ్వ తన గడపలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. వాసవి పిలవబోయి ఆగింది. అవ్వ తల తనవైపే తిరిగింది. గొంతు వినకముందే.

"ఏం పాపా," అంది అవ్వ. "నువ్వు ఇంత పొడుగు ఎప్పుడైనావు?"

వాసవి పరుగెత్తి వెళ్ళి పక్కన కూర్చుంది. జీవమ్మ లోపలి నుంచి రెండు గిన్నెల్లో బొరుగులు తెచ్చింది. ఒకటి అవ్వకు, ఒకటి వాసవికి ఇచ్చింది.

*

అవ్వకు చూపు వచ్చిన సంగతి సందంతా పాకింది. ఒకరోజు గురమ్మ అనే ఆమె అంగడికి వచ్చింది.

"మా ఇంటాయన నరసన్నకు గూడా కన్ను మసకేసింది పాపా. మళ్ళా క్యాంపు ఎప్పుడు?"

ఇదివరకైతే వాసవి నోటికొచ్చిన జవాబు చెప్పేసేది.

"తెలీదు గురమ్మక్కా," అంది. "రేపు చూసి, ఫోన్ చేసి కనుక్కోని చెప్తా."

మరునాడు కనుక్కుంది. ఏప్రిల్ ఇరవై, ఆదివారం. ఇంకా చాలామంది అడుగుతున్నారని ఒక పెద్ద తెల్ల కాగితం తెచ్చి, రంగు స్కెచ్ పెన్నులతో రాసింది. ఊరు, తేదీ, వారం, చీటీలిచ్చే టైము, ఫోన్ నంబరు. కాగితం కింద ఇంకో రెండు వరుసలు చేర్చింది. ఇవి సన్నగా రాయలేదు. పైవాటంత పెద్దగానే రాసింది.

"ఇది కనుక్కున్న తేదీ: 2008 మార్చి 28. బయల్దేరేముందు ఈ నంబరుకు ఒకసారి ఫోన్ చేసుకోండి."

పద్మప్రియ అది చూసి నెట్ సెంటర్ తలుపుకు కూడా ఒకటి కావాలంది. వాసవి రెండోది రాసిచ్చింది. అంగడి స్తంభానికి మొదటిది మైదాతో అంటించారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగి చదివారు. ఆ ఏప్రిల్‌లో సందు నుంచి ఆరుగురు కల్లూరు వెళ్ళారు. నరసన్న కూడా వెళ్ళాడు.

ఏప్రిల్ ఇరవై ఒకటి, సోమవారం పొద్దున, బడి బ్యాగు భుజాన వేసుకుని వాసవి అంగడికి వచ్చింది. చేతిలో నీళ్ళ చెంబు ఉంది. స్తంభం మీది కాగితాన్ని నీళ్ళతో తడపసాగింది.

"ఏంటికమ్మా తీసేస్తాండావు?" అన్నాడు శివప్రసాద్. "అంత బాగా రాసినావు. రంగులు గూడా ఇంకా పోలేదు. ఉండనీ."

"నిన్నటితో అయిపోయింది నాన్నా," అంది వాసవి.

కాగితం మెత్తబడింది. ఒక మూల పట్టుకుని చినగకుండా నెమ్మదిగా కిందికి లాగింది. ఒక చోట చిన్న ముక్క అతుక్కుపోయింది. దాని మీద తేదీ ఉంది. వాసవి గోటితో అది పూర్తిగా పోయేదాకా గీకింది. తర్వాత చెంబు అక్కడ పెట్టి, నెట్ సెంటర్ తలుపుకున్న రెండోదాన్ని కూడా తీసేయడానికి మెట్లెక్కింది.